ఆదివారం గంజి కాగిన ఇళ్లు

మా నర్సత్త పోయిన గురువారం పొద్దున చనిపోయింది. కామెర్లు. చెన్నై వ్యాసర్పాడిలో రైల్వే యార్డు గోడ వెనక ఉన్న మా నాలుగు సందుల్లో, వానలు మొదలైనప్పటి నుంచి ఇంటింటికీ తిరుగుతున్న కామెర్లే. కానీ మా వార్డు ఆరోగ్య ఆఫీసు కంప్యూటర్లో ఈ నాలుగు సందులకు ఎదురుగా సున్నా అని ఉంది. జ్వరాలు సున్నా, విరేచనాలు సున్నా, కామెర్లు సున్నా. నిజానికి అక్కడ ఉండాల్సింది సున్నా కాదు, ఖాళీ. ఆ ఖాళీలో సున్నా నింపించి సంతకం పెట్టింది ఆ ఆఫీసు అధికారి. ఆ ఖాళీని పుట్టించింది నేను.

ఈ మాట ముందే రాసేస్తున్నాను. పెరంబూరులో ఒక చిన్న అచ్చాఫీసులో పనిచేస్తాను. కాలేజీ మెట్లెక్కలేదు. అక్కడ మడతపెట్టిన కరపత్రాలే నా చదువు. తప్పు చేసినవాడు ఎవడో మొదటి పేరాలోనే చెప్పాలని నాకు నేర్పింది అవే. ఇన్నాళ్లూ ఎదుటివాళ్ల తప్పులే రాశాను.

నర్సత్త నిజానికి నర్సు కాదు. నగర ఆరోగ్య కేంద్రంలో కాంట్రాక్టు మీద పనిచేసే ఆరోగ్య కార్యకర్త. మా సందు మొదట్లో, కుట్టుమిషను వాళ్ల పక్క ఇల్లు. తెలుగు ఇళ్లవాళ్లం నర్సత్త అనేవాళ్లం, తమిళ ఇళ్లవాళ్లు నర్సమ్మ అనేవాళ్లు. పిల్లలకు టీకాలు, గర్భిణులకు మాత్రలు, జ్వరాల లెక్క, ఇవీ ఆమె పనులు. మిగతావన్నీ అందరూ చేసినట్టే చేసేది. జ్వరాల లెక్క మాత్రం ఆమెలా తీసేవాళ్లను నేనింకెక్కడా చూడలేదు.

‘మీ ఇంట్లో ఎవరికైనా ఒళ్లు బాగాలేదా’ అని ఆమె ఎవర్నీ అడిగేది కాదు. అలా అడిగితే మేమంతా ‘బాగుండాము’ అనే అంటాం. జబ్బని తెలిస్తే ఇంటిపనికి పిలిచే అమ్మగారు మానిపిస్తుంది, ఇంటి ఓనరు మొహం చిట్లిస్తాడు. అందుకని ఆమె అడిగేది ఒకటే: ‘ఏం వంట?’

మా సందుల్లో వారమంతా ఏం తిన్నా ఆదివారం మాత్రం మాంసం ఉడకాల్సిందే. దానికి డబ్బుల్లేకపోతే ఎండుచేపలైనా వేగాలి. ఆదివారం పూట గంజి కాగుతోందంటే ఆ ఇంట్లో ఎవరో మంచం పట్టినట్టే. ఆమె పొద్దున ప్రార్థన ముగించుకుని, చర్చికి కట్టిన తెల్లచీరలోనే, మసాలా వాసనలు లేచే పదకొండు గంటల వేళకు సందులోకి దిగేది.

“ఏం వంట పాపా?”

“గంజి అత్తా.”

“ఆదివారం పూట గంజి ఎవురికి?”

“ఎవురికీ లేదత్తా, ఊరికే.”

“ఊరికే గంజి తాగే సన్నాసులు మీ ఇంట్లో ఎవురుండారు? నిన్న సాయంత్రం మీ ఆయన నిలబడే మూడు పరోటాలు మింగతా ఉంటే నేను చూడ్లేదా?”

లోపల్నుంచి ఎవరో నవ్వేవాళ్లు. నవ్వు వెనకాలే నిజం వచ్చేది. పిల్లకు రెండు రోజులుగా విరేచనాలు, చెప్పడానికి భయం. ఆమె గడప మీద కూర్చుని, ఒక లోటా నీళ్లడిగి తాగేది. మాలాంటి వాళ్ల ఇళ్లలో బయటివాళ్లు నీళ్లు తాగరు. ఎందుకో విడమరిచి రాయను, చదివేవాళ్లకు తెలుసు. సర్వేలకు వచ్చేవాళ్లు సంచిలో సీసా తెచ్చుకుని, మా కళ్ల ముందే మూత తిప్పి తాగుతారు. ఆమె ఏ ఇంట్లోనూ లోటా కాదనలేదు. “ఎవురింట్లో నీళ్లు తాగమో, వాళ్లు మనకి నిజం చెప్పరు రా” అనేది. ఈ మాటను నేను అప్పట్లో ఎంతో మెచ్చుకుని, ఎక్కడైనా అచ్చువేయాలనుకున్నాను. ఇప్పుడు ఆ మాట తలుచుకోలేను.

నీళ్లు తాగాక ఆమె సంచిలోంచి మడతపెట్టిన పాత క్యాలెండరు కాగితం తీసేది. వెనక తెల్లటి వైపు మా నాలుగు సందులూ, ఇళ్లూ, కుళాయిలూ, నీళ్లు నిలవుంచే నల్ల ట్యాంకులూ పెన్సిలుతో గీసి ఉండేవి. ఆ ఇంటి మీద ఎర్ర చుక్క పెట్టేది. పేరు రాసేది కాదు. సాయంత్రం టీ అంగడి బెంచీ మీద ఆ కాగితం పరిచి, నాలుగు మూలలా నాలుగు గాజు గ్లాసులు పెట్టేది. ఎవరైనా వచ్చి చూడొచ్చు.

కొన్నేళ్ల కిందట మా సందుల్లో వాంతులూ విరేచనాలూ ఒక్కసారిగా లేచాయి. అందరూ సందు మూలన బుట్ట పెట్టుకుని చేపలమ్మే ముసలామెను పట్టుకున్నారు. కుళ్లిన చేపలమ్మిందని ఆమె బుట్టను తన్నేయడానికి సిద్ధమయ్యారు. అందరికంటే పెద్దగా అరిచినవాణ్ణి నేనే. నర్సత్త ఆ కాగితం తెచ్చి మా మధ్య పరిచింది.

“చేపలు ఎవురు కొన్న్యారు?”

“అందురూ కొన్న్యారు.”

“అందురూ కొంటే చుక్కలు అందురిండ్లకీ పడల్ల కదా. ఈడ చూడు.”

చుక్కలన్నీ మూడో సందు చివర గుంపుగా ఉన్నాయి. ఆ చివర ఉన్నది నల్ల ట్యాంకు. పోయి చూస్తే మూత లేదు, లోపల పావురం చచ్చి పడుంది. ఆ పూటే ఎవరినీ అడక్కుండా ట్యాంకు కడిగించింది, మూతగా రేకు వేయించింది, అంతవరకు మొదటి సందు దగ్గరే ఆగే నీళ్ల లారీని మూడో సందు మూల దాకా పంపమని డ్రైవరుకు చెప్పింది. తర్వాతి ఆదివారాల్లో ఆ మూల కొత్త చుక్కలు పడలేదు. ఆ చేపల ముసలామె ఇప్పటికీ అదే మూలన కూర్చుంటోంది. నర్సత్త శవం వాకిట్లో ఉన్నప్పుడు, చేపల వాసన తగలకూడదని చేతులు కొంగుకు తుడుచుకుని, తుడుచుకుని, చివరికి ముట్టుకోకుండానే దణ్ణం పెట్టింది.

“లెక్కంటే పైకి పంపేదానికే అనుకుంటారు అందురూ” అని ఆ రోజు టీ అంగట్లో అంది ఆమె. “పైకి పొయ్యేది తర్వాత. ముందు మన కండ్లకి కనపడల్ల. మన బుద్ధికి అందల్ల.”

పోయిన ఎండాకాలంలో ఆఫీసు వాళ్లు ఆమెకు ఒక ట్యాబు ఇచ్చారు. ఇంటి నంబరు, ఇంట్లో వాళ్ల పేర్లు, మూడు నెలల్లో వచ్చిన జబ్బులు, అన్నీ అందులో ఎక్కించాలి. ఎక్కడ జబ్బులు ఎక్కువో ఆ వీధుల్లో ముందుగా పాత నీటి పైపులు మారుస్తారని చెప్పారు. మా సందుల కింద ఉన్న పైపు ఎప్పటిదో తెలియదు. వానొస్తే కుళాయిలో మురుగు వాసన వస్తుంది. ఆమె చిన్నపిల్లలా సంబరపడింది. “మన చుక్కలు కంప్యూటర్లో పడతా ఉండాయి వదినా” అని మా అమ్మకు ఆ ట్యాబు తెచ్చి చూపించింది.

సరిగ్గా ఆ నెలలోనే కాలవ అవతల ఒక పేటలో ఇళ్లు కూల్చి, జనాన్ని ఊరి చివరకు తోలారు. కూల్చే ముందు అక్కడా ఇంటింటి సర్వే జరిగింది, అక్కడా పేర్లు రాసుకున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. మధ్యాహ్నం తిండి విరామంలో, ఓనరుకు చెప్పకుండా, అచ్చాఫీసులో మిగిలిన పచ్చ కాగితం మీద తెలుగులోనూ తమిళంలోనూ అచ్చువేశాను: పేరు చెప్పొద్దు, జబ్బు చెప్పొద్దు, తలుపు తియ్యొద్దు. మైదా పిండి ఉడికించి నాలుగు సందుల్లో ప్రతి తలుపుకీ అంటించాను. నా జీవితంలో మొదటిసారి జనం నా మాట విన్నారు. అది ఎంత తియ్యగా ఉండిందో చెప్పడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

ఆ సాయంత్రమే నర్సత్త మా ఇంటికి వచ్చింది. ఏదో తలుపు నుంచి పీకిన కాగితం చేతిలో ఉంది, పిండి ఇంకా ఆరలేదు.

“ఇది నువ్వు అచ్చేసిందేనా?”

“ఆమా అత్తా, నేనే. పేర్లు రాసుకునేది మనల్ని ఈడ నుంచి లేపేదానికే.”

“అది నిజమే అయ్యుండచ్చు రా. నాకీ భయమే. పేరు చెప్పొద్దు, జబ్బు మాత్రం చెప్పండి అని అచ్చెయ్యల్ల. పేర్లు లేకుండా రాసుకొనియ్యండి అని ఆఫీసు ముందర మనం గలాటా చెయ్యల్ల. నేనూ వస్తా ఉంటి. నువ్వు రెండూ కలిపి మూసిపెడితివే!”

“వాళ్ల జీతం తినే నీకు అట్లే ఉంటాది.”

నా నోటితో నేనే అన్నాను ఆ మాట. మా అమ్మ వంటింట్లోంచి “డేయ్” అని అరిచింది. నర్సత్త కాగితాన్ని కాసేపు దూరంగా పట్టుకుని చూసింది. “అచ్చు బాగా కుదిరింది రా. మూడో లైను మాత్రం కొంచం వంకరగా పడింది” అని, దాన్ని మడిచి సంచిలో పెట్టుకుని వెళ్లిపోయింది.

మరునాటి నుంచి ఆమె ట్యాబు పట్టుకుని వస్తే తలుపులు మూసుకున్నాయి. ఆమె పిలవడమూ, లోపల రేడియో గొంతు పెంచడమూ. ఆ ట్యాబులో జబ్బుల గడి ఖాళీగా వదిలితే ఫారం ముందుకు పోదట, ఏదో ఒక అంకె వెయ్యాల్సిందే. ఆమె వెయ్యలేదు. “చెప్పలేదు అనేది వేరే, లేదు అనేది వేరే” అని ఆఫీసుకు ఫోనులో చెబుతుంటే నేను టీ అంగట్లో విన్నాను. అవతలి వాళ్లకు ఆ తేడా పట్టలేదు. గడువు ముగిసిన రోజు మా ఇళ్లన్నింటికీ ఆఫీసులోనే కూర్చుని సున్నాలు నింపేశారు. జబ్బుల్లేని సందులకు కొత్త పైపు ఎందుకు? పైపు రోడ్డు అవతలి వీధులకు పోయింది. మేమేదో గెలిచినట్టు ఆ తవ్వకాలను గోడెక్కి చూశాం.

తర్వాత వానలు వచ్చాయి.

ఒక ఆదివారం ఆమె మళ్లీ బయల్దేరింది. ట్యాబు లేదు, పాత సంచి ఉంది. మొదట మా ఇంటికే వచ్చింది. నా పచ్చకాగితం ఇంకా మా తలుపు మీదే ఉంది.

“ఏం వంట వదినా?”

“చారూ అన్నం” అంది మా అమ్మ. నా మొహం చూసి అంది. లోపల నా చెల్లెలు పడుకుని ఉంది, కళ్లు పసుపు నీళ్లలో ముంచినట్టు. పొయ్యి మీద గంజి కాగుతోంది.

ఆ క్షణంలో నేను నోరు తెరవకపోయుంటే ఏమయ్యేదో తెలియదు. “గంజి అత్తా” అన్నాను. ఆమె నన్ను తిట్టలేదు, ‘చూశావా’ అనలేదు. లోపలికొచ్చి చెల్లెలి కింది కనురెప్ప వేలితో లాగి చూసి, ఆ రోజే ఆసుపత్రికి తీసుకుపొమ్మంది. గడప మీద కూర్చుని నీళ్లడిగింది.

“కాచినవేనా వదినా?”

“కాచినవే” అంది మా అమ్మ, తల దించుకుని. సిలిండరు అయిపోయి వారమైంది. ఉన్న కాస్త కిరసనాయిలు గంజికే చాలడం లేదు. కాచని నీళ్లు నోట్లో పెట్టుకోగానే పసిగట్టే మనిషి మా నర్సత్త. లోటా ఎత్తి, చివరి గుక్క దాకా తాగింది.

నా చెల్లెలు కోలుకుంది. నేను తలుపు మీది కాగితం గోళ్లతో గీకి, ఆమె వెంట బయల్దేరాను. ప్రతి గుమ్మం ముందూ నేనే ముందు నిలబడి చెప్పాను: నేను చెప్పింది తప్పు, పేరు వద్దు గానీ జబ్బు చెప్పండి. కొందరు నవ్వారు. రెండో సందులో ఒక తాత, “నిన్న మూయమంటివి, ఈ పొద్దు తెరవమంటా ఉండావు, మా తలుపేమన్నా నీ అచ్చు మిషనా?” అన్నాడు. మాట పడ్డాను. ఆమె మాత్రం అందరి గడపల మీదా కూర్చుంది, అందరి లోటాల్లోనూ తాగింది. మూడో ఆదివారం నాకు భయమేసింది.

“అత్తా, సీసా తెచ్చుకో. నేను మోస్తాను.”

“నువ్వు మూసిన తలుపులు రా ఇవి” అంది. కోపంగా కాదు, దారి చూపించినట్టు అంది. “సీసా పట్టుకోని పోతే తెరుచుకోవు.”

ఆ క్యాలెండరు కాగితం మీద తెల్లటి చోటు తగ్గిపోయింది. దాన్ని పట్టుకుని ఇద్దరం వార్డు ఆఫీసుకు వెళ్లాం. అధికారి మంచిగానే కూర్చోమన్నాడు. కంప్యూటరు మా వైపు తిప్పి తమిళంలో అన్నదాన్ని తెలుగులో రాస్తున్నాను: “చూడండమ్మా, మీ ఏరియా సున్నా. ఈ కాగితాన్ని నేను లెక్కగా ఎలా తీసుకునేది? సిస్టంలో లేదు కదా.” ఒకసారి వచ్చి చూడండి సార్ అని ఆమె అడిగింది. “చోటు ఎక్కడుందో నాకు తెలుసు, మ్యాపులో ఉంది” అన్నాడాయన. నేను లేచి టేబులు మీద కొట్టాను. ఆయన పెన్నుల డబ్బా కింద పడింది. నర్సత్త నా చొక్కా పట్టుకుని కూర్చోబెట్టింది, పెన్నులు ఒక్కొక్కటే ఏరి పెట్టింది. వంగినామె గోడ పట్టుకుని లేచింది. అప్పుడే నేను ఆమె కళ్లు చూడాల్సింది.

బయటికొచ్చాక “గమ్మునుండల్ల రా అట్లాంటి చోట” అంది. “నువ్వు అరిస్తే ఆయన నిన్ను చూస్తాడు. మన సందుని చూడడు.”

నాలుగు రోజులకు పడిపోయింది. పెద్దాసుపత్రి వార్డులో మంచం పక్కన నేనూ మా అమ్మా వంతులు వేసుకున్నాం. ఆమెకు ముందునుంచే కాలేయం బాగాలేదని అక్కడి డాక్టరమ్మ చెబితేనే మాకు తెలిసింది. ఊరంతటి ఒంటి సంగతులు అడిగిన మనిషిని, నీకెలా ఉందని మేమెవ్వరం ఒక్క ఆదివారమైనా అడిగామా? చనిపోయే ముందు రోజు మధ్యాహ్నం నన్ను దగ్గరికి పిలిచింది. ఏదైనా దాచుకున్న మాట చెబుతుందనుకున్నాను. “మా ఇంటికి చుక్క పెట్టినావా?” అంది. లేదన్నాను. “పెట్టు. నర్సు ఇల్లని వదిలేస్తే లెక్క తప్పు పోతాది.” సంచిలోంచి కాగితం తీసి, ఆమె చూస్తుండగా ఎర్ర పెన్సిలుతో పెట్టాను. సరిగ్గా కనిపించలేదు నాకు. పక్కింటి మీద పడింది. ఆమె వేలితో జరిపి చూపించింది.

మరణ పత్రంలో గుండె ఆగి చనిపోయిందని మాత్రమే రాశారు. గుండె ఆగక చచ్చేవాళ్లు ఎవరు? కామెర్లన్న మాట అందులో లేదు. అంటే ఆమె చావు కూడా మా సున్నాను కదిలించలేదు. పాతిపెట్టి వచ్చిన రోజు నేను ఆ పత్రం చేత్తో పట్టుకుని, చించేయబోయి ఆగాను. చించితే నేను మారనట్టే.

మన సందుల వాళ్లారా, మీకే రాస్తున్నాను. ఆమె సమాధి మీద రాయి వేద్దామని కొందరన్నారు. వేద్దాం, తొందర లేదు. ముందు ఒక పని ఉంది. వచ్చే మంగళవారం నీటి పైపుల గురించి వార్డు మీటింగు ఉంది. మన సందుల ఊసు అందులో లేదు.

ఆ రోజు పొద్దున ఎనిమిదికి నేను ముగ్గుపిండి బస్తాతో వార్డు ఆఫీసు ముందున్న ఖాళీ జాగాకు పోతాను. గేటు నుంచి ఆఫీసు మెట్ల దాకా మన నాలుగు సందులూ, ఒక్కో ఇల్లూ గీస్తాను. మీరు పదికల్లా రండి. జబ్బు వచ్చిన ఇంటి నుంచి ఒక్కరు చాలు. వచ్చి ఎవరి ఇంటి గీతల్లో వాళ్లు నిలబడండి. పేరు ఎవరికీ చెప్పక్కర్లేదు. ఏ జబ్బు, ఎన్ని రోజులు, అంతే చెప్పండి. పనికి పోవాల్సిన వాళ్లు ముందే నాకు చెబితే, మీ బదులు పక్కింటి వాళ్లను నిలబెడతాను. నినాదాలు రాయలేదు, అచ్చువేయలేదు. ఎవరూ అరవకండి. నేనూ అరవను, మీరు నా పక్కన ఉండి చూసుకోండి.

పది గంటలకు ఆ అధికారి బండి గేటు దగ్గర ఆగుతుంది. బండి దిగి తన కుర్చీ దాకా పోవాలంటే ఆయనకు వేరే దారి లేదు. మన సందులోంచే నడవాలి, ఒక్కో గుమ్మం దాటుకుంటూ.